ఎంబీబీఎస్ చదువుతూనే మొదటి పరిశోధన ఎలా చేయాలి? శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు

1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక వ్యాసం వచ్చింది. అడ్డపొగ అలవాటు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, అంగిలిని ఏం చేస్తుందో చెప్పిన వ్యాసం అది. అందుకోసం నోరు తెరిచి చూపించిన 10,169 మంది మన శ్రీకాకుళం జిల్లా పల్లెల వాళ్ళు. 2019లో మన జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు మీద ఇంకో అధ్యయనం అచ్చయింది. 2,210 మందిని పరీక్షిస్తే దాదాపు 18 శాతం మందిలో కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్ళలో ఎక్కువమందికి మనం సాధారణంగా చెప్పుకునే షుగర్, దీర్ఘకాలపు బీపీ లాంటి కారణాలు లేవు.

"మన దగ్గర రీసెర్చ్ ఏముంటుంది సార్, అది ఢిల్లీలోనో వెల్లూరులోనో చేసేది కదా" అనే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ రెండింటితో మొదలుపెట్టాను. జబ్బులూ ఇక్కడే ఉన్నాయి, జవాబు దొరకని ప్రశ్నలూ ఇక్కడే ఉన్నాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్, 2023 నుంచి విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ. రెండు జిల్లాల్లో ఇన్ని వందల మంది మెడికోలు ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఒక్క ప్రశ్నకైనా సొంతంగా జవాబు వెతక్కుండానే డాక్టర్లయిపోతున్నారు. తెలివి తక్కువై కాదు. పక్కన కూర్చోబెట్టుకుని చేయించేవాళ్ళు దొరక్క. పరిశోధన స్లైడ్లు చూస్తే వచ్చే విద్య కాదు. ఒక పెద్దాయన కళ్ళ ముందు ఒక చిన్న పని మొదటి నుంచి చివరి దాకా చేస్తేనే వస్తుంది. ఆ చిన్న పనిని ఎలా పూర్తి చేయాలో వరుసగా చెబుతాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సెకండ్ ఇయర్ మొదట్లో. ఫస్ట్ ఇయర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీతోనే ఊపిరాడదు. ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి పీజీ ఎంట్రన్స్ టెన్షన్ పట్టుకుంటుంది. సెకండ్ ఇయర్‌లో వార్డు పోస్టింగ్స్ మొదలవుతాయి, రోగులతో మాట్లాడడం వస్తుంది, కాస్త టైమూ దొరుకుతుంది. ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రాంలో మీకు అప్పగించిన కుటుంబాలు ఉంటాయి కాబట్టి ఒక ఊరు, ఆ ఊరి ఆశా కార్యకర్త అప్పటికే తెలిసి ఉంటారు. ఆ పరిచయం తర్వాత చాలా పనికొస్తుంది.

విద్యార్థుల కోసం దేశంలో ఉన్న పెద్ద అవకాశం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. అందరూ ఎస్‌టీఎస్ అంటారు. 1979 నుంచి నడుస్తోంది. సొంత కాలేజీలోనే ఒక ఫ్యాకల్టీ గైడ్ దగ్గర 2 నెలల ప్రాజెక్టు చేయాలి. ఆన్‌లైన్‌లో ప్రపోజల్ పెట్టాలి, ఎంపికైతే పని చేయాలి, రిపోర్టు పంపాలి. రిపోర్టు ఆమోదం పొందితేనే సర్టిఫికెట్, స్టైపెండ్ వస్తాయి. ఇటీవలి ప్రకటనల్లో స్టైపెండ్ 50,000 రూపాయలు. ఆ డబ్బు పని అంతా అయ్యాకే వస్తుంది. అప్పటిదాకా జెరాక్సులకు, బస్సు చార్జీలకు మీ జేబులోంచే పెట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లోకి వెళ్ళాక దీనికి అర్హత ఉండదు. ప్రకటన తేదీలు ఏటా మారతాయి కాబట్టి సీనియర్లు చెప్పిన తేదీని నమ్ముకోకుండా ఐసీఎంఆర్ పోర్టల్‌నే చూడండి.

ప్రకటన వచ్చాక టాపిక్ వెతకడం మొదలుపెడితే ఆలస్యం అయినట్టే. ఆ హడావిడిలో రాసిన ప్రపోజల్‌కీ, నాలుగు నెలల ముందు నుంచి గైడ్‌తో కూర్చుని రాసిన ప్రపోజల్‌కీ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

గైడ్‌ని ఎంచుకోవడం

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. టాపిక్ కంటే ముందు గైడ్.

చాలామంది పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గరికో, హెచ్‌ఓడీ దగ్గరికో వెళ్తారు. ఆయనకి ఇన్‌స్పెక్షన్లు, మీటింగులు, పీజీల థీసిస్‌లు ఉంటాయి. మీ ప్రొఫార్మా (ప్రశ్నల ఫారం) ఆయన టేబుల్ మీద మూడు వారాలు అలాగే పడి ఉంటుంది. మొదటి ప్రాజెక్టుకు నా సలహా ఏమిటంటే, ఈ మధ్య నాలుగైదేళ్ళలో సొంతంగా ఏదైనా ప్రచురించిన అసిస్టెంట్ లేదా అసోసియేట్ ప్రొఫెసర్‌ని వెతకండి. వైద్య వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ పేరు కొడితే ఎవరేం రాశారో కనిపిస్తుంది. కమ్యూనిటీ మెడిసిన్, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాల వాళ్ళు విద్యార్థులకు ఎక్కువ టైమ్ ఇవ్వగలరు. క్లినికల్ విభాగాల్లో ఓపీ ఒత్తిడి ఎక్కువ. రోగుల మీద చేసే పనైతే మాత్రం అక్కడ ఒక కో-గైడ్ ఉండాలి.

ఇప్పుడు ఫ్యాకల్టీ, పీజీలు అందరూ బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ పాస్ కావాల్సిందే. చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ (ఎన్‌ఐఈ) నడిపే ఆన్‌లైన్ కోర్సు అది. కాబట్టి మీ గైడ్‌కి ఈ విషయాలు కొత్తేమీ కాదు. ఆ పాఠాల వీడియోలు మీరూ చూడొచ్చు. గైడ్‌ని కలవకముందే మొదటి నాలుగైదు చూసి వెళ్తే మాట తొందరగా కలుస్తుంది.

వెళ్ళేటప్పుడు "సార్, నాకేదైనా టాపిక్ ఇవ్వండి" అనొద్దు. ఒక పేజీలో మీరు గమనించిన విషయం ఒకటి, దాని మీద చదివిన రెండు వ్యాసాలు, వారంలో మీకు ఖాళీ ఉండే గంటలు రాసి తీసుకెళ్ళండి. "మేడం, మెడిసిన్ వార్డు పోస్టింగ్‌లో కూలి పని చేసే చాలామంది రోజూ నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నామని చెప్పారు. దీని మీద మన దగ్గర ఎవరైనా లెక్క తీశారా?" అని అడిగిన విద్యార్థిని ఏ టీచరూ ఉత్త చేతుల్తో పంపరు.

ఒప్పుకున్నాక మూడు విషయాలు అప్పుడే మాట్లాడేసుకోండి. వారానికి ఏ రోజు, ఏ టైమ్‌కి కూర్చుంటారు. మీరు పంపిన డ్రాఫ్ట్ ఎన్ని రోజుల్లో చూసి ఇస్తారు. పేపర్ వస్తే అందులో ఎవరి పేరు ఎక్కడ ఉంటుంది. మూడోది అడగడానికి మొహమాటం వేస్తుంది, అయినా అడగాలి. అంతర్జాతీయంగా మెడికల్ జర్నల్స్ పాటించే నియమం ప్రకారం పేరు ఉండాలంటే నాలుగూ ఉండాలి: పని రూపకల్పనలోనో డేటాలోనో నిజమైన పాత్ర, రాయడంలోనో సరిదిద్దడంలోనో భాగం, తుది ప్రతికి ఆమోదం, తప్పొస్తే జవాబు చెప్పే బాధ్యత. మొదట్లోనే ఇది చదివి వినిపించుకుంటే చివర్లో మనసులు కష్టపడవు.

ఒక గైడ్ ఏడాదికి ఒక్క ఎస్‌టీఎస్ విద్యార్థినే తీసుకోగలరు. మంచి గైడ్లు ముందే అయిపోతారు.

ప్రశ్నను చిన్నది చేయడం

మన విద్యార్థుల్ని "ఏం చేద్దామనుకుంటున్నారు" అని అడిగితే పదిమందిలో సగంమంది ఉద్దానం కిడ్నీ అంటారు. అనాల్సిందే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో చూస్తూ పెరిగిన పిల్లలు మన కాలేజీల్లో ఉన్నారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి కూడా. కానీ "ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉంది" అనే ప్రశ్న 2 నెలల ప్రాజెక్టులో పట్టదు. ఎందుకో చూడండి.

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే కిడ్నీలో తేడా 3 నెలలకు మించి ఉండాలి. అంటే ఒకసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే కొలత) చూసి, 3 నెలలు దాటాక మళ్ళీ చూడాలి. మీ ప్రాజెక్టు 2 నెలలే. ఒక్క రీడింగ్‌తో జబ్బు ఉందని రాస్తే ఆ రిపోర్టు చదివిన మొదటి నెఫ్రాలజిస్టే పక్కన పెట్టేస్తారు. దానికి తోడు, ఎండలో పని చేసి నీళ్ళు తక్కువ తాగిన రోజు క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగొచ్చు. వందలాది శాంపిల్స్‌కి ల్యాబ్ ఖర్చు ఎవరు పెడతారు? శ్రీకాకుళం నుంచి కవిటి వెళ్ళి రావడానికే ఒక రోజు పోతుంది. క్లాసులు మానేసి వెళ్తే అటెండెన్స్ పోతుంది.

అలాగని కిడ్నీని వదిలేయక్కర్లేదు. దానికి సంబంధించిన చిన్న ముక్కను పట్టుకోవాలి. నొప్పి బిళ్ళల్ని విచ్చలవిడిగా వాడితే కిడ్నీ దెబ్బతింటుందని మనకు ముందే తెలుసు. కాబట్టి ఆ వాడకం మన చుట్టుపక్కల ఎంత ఉందో అడగొచ్చు. ఇప్పుడు దీన్ని గైడ్‌తో కూర్చుని చెక్కాలి.

"కూలీల్లో నొప్పి బిళ్ళల వాడకం" అన్నది ఇంకా టాపిక్ మాత్రమే. ఏ కూలీలు? ఏ వయసు? ఎక్కడ? వాడకం అంటే నెలకోసారా, రోజూనా? ఒక్కొక్కటీ తేల్చుకుంటూ వెళ్తే ఇలా తయారవుతుంది: "మా కాలేజీ రూరల్ హెల్త్ సెంటర్ పరిధిలోని గ్రామాల్లో, 30 ఏళ్ళు దాటిన వ్యవసాయ కూలీల్లో, గత నెల రోజుల్లో వారానికి కనీసం ఒకసారి నొప్పి బిళ్ళ వేసుకున్నవాళ్ళు ఎంత శాతం? వాళ్ళు ఆ బిళ్ళ ఎవరి సలహాతో కొన్నారు?" దీనికి రక్తం తీయక్కర్లేదు, ఖర్చు లేదు, కాలేజీ బస్సులో వెళ్ళొచ్చు, 2 నెలల్లో అవుతుంది. వచ్చిన జవాబు పీహెచ్‌సీ డాక్టరుకు రేపే పనికొస్తుంది.

ఇలాంటి ప్రశ్నలు మన జిల్లాల్లో ఎక్కడ చూసినా ఉన్నాయి. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పిక్క ఒలిచే ఆడవాళ్ళ చేతులు జీడి నూనెకి నల్లబడి పొక్కుతాయి. వాళ్ళలో ఎంతమందికి గ్లౌజులు అందుతున్నాయి? అడ్డపొగ ఇప్పుడు ఏ వయసు వాళ్ళలో మిగిలింది? విజయనగరం వైపు జూట్ మిల్లు కార్మికుల దగ్గు, ఆయాసం సంగతేమిటి? పార్వతీపురం వైపు నుంచి వచ్చే గిరిజన గర్భిణుల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు పరీక్ష ఎన్నో నెలలో జరుగుతోంది? ఆసుపత్రి రికార్డులతోనే చేసేవీ ఉన్నాయి. పాము కాటు కేసుల్లో కరిచిన దగ్గర్నుంచి మొదటి ఇంజక్షన్ పడేదాకా ఎంత సేపు పట్టిందో మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో కేస్ షీట్లు తిరగేస్తే తెలుస్తుంది. పల్లెలకు వెళ్ళడానికి వీలుకాని వాళ్ళకు ఇది మంచి దారి.

చదవడం

పబ్‌మెడ్ ఉచితం. ఇరవై ముప్పై వ్యాసాలు వెతికి, అందులో ఎనిమిదో పదో పూర్తిగా చదివితే ఎస్‌టీఎస్ స్థాయికి చాలు. వ్యాసంలో ముందు మెథడ్స్ చదవండి: ఎవరిని తీసుకున్నారు, ఎలా ఎంచారు, ఏం కొలిచారు. అక్కడ పునాది గట్టిగా లేకపోతే కన్‌క్లూజన్ ఎంత ఘనంగా ఉన్నా పక్కన పెట్టొచ్చు. రిఫరెన్సుల కోసం జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదటి రోజే వేసుకోండి. చదివినదాన్ని మూసేసి, మీ మాటల్లో రెండు వాక్యాలు రాసుకోండి. కాపీ సమస్య అక్కడే సగం తీరిపోతుంది.

ఎంతమందిని అడగాలి

మన కాలేజీల్లో అందరికీ నోటికొచ్చిన ఫార్ములా నాలుగు పీ క్యూ బై ఎల్ స్క్వేర్. పీ అంటే ఎంత శాతం ఉండొచ్చని ముందుగా అనుకుంటున్నామో అది. క్యూ అంటే 100లోంచి పీ తీసేస్తే మిగిలేది. ఎల్ అంటే ఎంత తేడాను సహిస్తామో అది. మన నొప్పి బిళ్ళల ప్రశ్నకు దగ్గరి లెక్క దొరక్కపోతే పీ 50 అనుకోవాలి. తేడా 5 శాతం పెట్టుకుంటే 4ని 50తో, మళ్ళీ 50తో గుణించి 25తో భాగిస్తే 400 మంది వస్తారు. ఒక్క విద్యార్థికి ఇది ఎక్కువే. తేడా 7 శాతం అనుకుంటే 10,000ను 49తో భాగించాలి, 205 మంది. కాదనేవాళ్ళ కోసం ఇంకో 10 శాతం కలిపితే సుమారు 225.

2 నెలల్లో చివరి రెండు వారాలు లెక్కలకి, రాతకి పోతాయి. మిగిలిన ఆరు వారాల్లో వారానికి ఐదు సాయంత్రాల చొప్పున 30 సార్లు వెళ్ళగలరు. రోజుకు ఏడెనిమిది మంది, ఒక్కొక్కరికి 20 నిమిషాలు. రెండున్నర గంటల పని. అవుతుంది. ఈ లెక్క ప్రపోజల్ రాసేటప్పుడే వేసుకోవాలి. ఊళ్ళను ముందు ఎంచి, ఊరిలో మనుషుల్ని తర్వాత ఎంచే పద్ధతైతే సంఖ్య ఇంకా పెంచాలి. ఆ మాట కమ్యూనిటీ మెడిసిన్‌లోని స్టాటిస్టీషియన్‌ని అడగండి, అది కూడా పని మొదలుకాకముందే.

ప్రొఫార్మా తెలుగులో, మన జిల్లా తెలుగులో

ఇంగ్లిష్‌లో ప్రశ్నలు రాసుకుని గుమ్మం ముందు నిలబడి అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రశ్న అవుతుంది. తెలుగులోనే రాయండి. "మీరు నొప్పి నివారణ మాత్రలు వాడుచున్నారా" అంటే ఎవరికీ ఎక్కదు. "పనికెళ్ళొచ్చాక ఒళ్ళు నొప్పులకి బిళ్ళేటైనా ఏసుకుంటారా?" అంటే వెంటనే జవాబొస్తుంది.

తర్వాతి సమస్య ఏ బిళ్ళ అన్నది. ఆర్‌ఎంపీ దగ్గరో, కిరాణా కొట్లోనో రెండేసి బిళ్ళలు కత్తిరించి ఇస్తారు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఎర్ర బిళ్ళ, పొడుగు బిళ్ళ అని చెబుతారు. అందుకని ఆ ఊరి మందుల షాపులో ఎక్కువగా అమ్ముడయ్యే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ స్ట్రిప్పులు ఒక్కోటి తీసుకుని అట్ట మీద అంటించి పట్టుకెళ్ళండి. వేలు పెట్టి చూపిస్తారు. ఇంట్లో ఏవైనా మిగిలి ఉంటే తెమ్మని అడగండి. వేటిని నొప్పి బిళ్ళగా లెక్కలోకి తీసుకుంటున్నారో ముందే రాసుకోండి. పారాసెటమాల్ కిడ్నీ విషయంలో వేరే కోవలోది, దాన్ని మిగతావాటితో కలపకూడదు.

ఎప్పటి నుంచి వాడుతున్నారని అడిగితే "శానా కాలమై" అంటారు. సంవత్సరాలు ఎవరూ గుర్తుపెట్టుకోరు, తుఫాన్లు మాత్రం అందరికీ గుర్తుంటాయి. "హుద్‌హుద్‌కి ముందు నుంచా? తిత్లీ తర్వాతా? లాక్‌డౌన్ నాటికి వాడుతున్నారా?" అని అడగండి. హుద్‌హుద్ 2014 అక్టోబర్, తిత్లీ 2018 అక్టోబర్, లాక్‌డౌన్ 2020 మార్చి. మూడు గుర్తులు చాలు, సంవత్సరం దాదాపుగా తేలిపోతుంది.

అసలు పని మొదలుపెట్టే ముందు పదిమంది దగ్గర ప్రొఫార్మా ప్రయత్నించి చూడండి. గైడ్ కూడా ఒకటి రెండు ఇళ్ళకు వస్తే మరీ మంచిది. ఏ ప్రశ్న దగ్గర ఎదుటి మనిషి తల గోక్కున్నాడో అక్కడ మార్చాలి. ఆ పదిమందినీ అసలు లెక్కలో కలపొద్దు.

ఎథిక్స్ కమిటీ, ఒప్పుకోలు

మనుషుల్ని ఏ ప్రశ్న అడగాలన్నా, రోగి కేస్ షీట్ తెరవాలన్నా మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. కమిటీలో డాక్టర్లతో పాటు లాయరు, సామాజిక శాస్త్రం తెలిసినవాళ్ళు, మామూలు పౌరుడు ఉంటారు. చైర్‌పర్సన్ బయటి సంస్థ మనిషే అయి ఉండాలి. ఇలాంటి తక్కువ ప్రమాదం ఉన్న సర్వేలకు కమిటీ మొత్తం కూర్చోకుండా ఎక్స్‌పెడైటెడ్ పద్ధతిలో చూసే వీలుంది. అయినా కాగితాలు తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు, మెంబర్ సెక్రటరీని ముందే కలిసి మీటింగ్ తేదీ కనుక్కోండి. ఎస్‌టీఎస్ రిపోర్టుకు ఈ అనుమతి పత్రం జత చేయాలి. పని అయ్యాక పాత తేదీతో అనుమతి తెచ్చుకోవడం అనేది ఎవరు చెప్పినా చేయొద్దు. ఒకసారి ఆ దారి పడితే తర్వాత ఏ పనికీ విలువ ఉండదు.

ఇంతకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇంటి ముందు జరిగే సంభాషణ మీద. తెల్ల కోటు వేసుకుని కాగితాలతో వెళ్తే పల్లెల్లో ముందు వచ్చే అనుమానం పథకాల గురించి.

"ఏటి పాపా, ఈ సంతకం ఎందుకు? మా పింఛనీకేటైనా అడ్డమా?"

"లేదు పెద్దమ్మా. మేము కాలేజీలో చదువుకుంటున్నాం. పనిచేసేవాళ్ళు ఏ బిళ్ళలు వాడుతున్నారో తెలుసుకుంటున్నాం. మీ పేరు ఎక్కడా బయటికి రాదు. పింఛనుకి, రేషన్‌కి దీంతో సంబంధం లేదు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేసినా పర్లేదు. ఆసుపత్రికొస్తే ఎప్పటిలాగే చూస్తారు."

"మరి నాకేటి లాభం?"

ఇక్కడ నిజం చెప్పాలి. "ఇప్పటికిప్పుడు మీకు వచ్చేదేం లేదు పెద్దమ్మా. మీ ఊళ్ళో ఎంతమంది వాడుతున్నారో తెలిస్తే పీహెచ్‌సీ డాక్టరుగారికి చెబుతాం." మందులు ఇస్తామనో, పెద్దాసుపత్రిలో చూపిస్తామనో ఆశ పెట్టి సంతకం తీసుకుంటే అది ఒప్పుకోలు కాదు. సంతకం రాని వాళ్ళు వేలిముద్ర వేస్తే, మీ టీంకి సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి సంతకం చేయాలి. ఆశా కార్యకర్తను ఊరు చూపించడానికి తీసుకెళ్ళండి కానీ సాక్షిగా పెట్టొద్దు. ఆమె అడిగితే కాదనడం ఊళ్ళో వాళ్ళకు కష్టం. కాదన్నవాళ్ళను రెండోసారి బతిమాలొద్దు. వద్దన్నారని రాసుకుని ముందుకెళ్ళండి.

ఊళ్ళోకి వెళ్ళాక

టైమ్ చూసుకుని వెళ్ళండి. పొద్దున్న వెళ్తే ఉపాధి పనికో, పొలానికో వెళ్ళిపోయి ఉంటారు. ముసలివాళ్ళు, పిల్లలే ఉంటారు. వాళ్ళనే అడిగి వచ్చేస్తే అసలు కూలీలు మీ లెక్కలో ఉండరు. సాయంత్రం వెళ్ళాలి. ఊడుపుల రోజులైతే చీకటి పడ్డాక గానీ ఇంటికి రారు, వచ్చినా ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, ఆదివారాలు చూసుకోండి. ఇంకో సంగతి, ఊడుపుల నెలలో నొప్పి బిళ్ళల వాడకం మిగతా నెలలకంటే ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి మీ శాతం ఏడాది మొత్తానికి వర్తించదని రిపోర్టులో స్పష్టంగా రాయాలి. ఇలాంటి మాట రాస్తే మార్కులు తగ్గుతాయని భయపడతారు. నేనైతే అలా రాసిన విద్యార్థినే ఎక్కువ నమ్ముతాను.

బీపీ కూడా చూస్తుంటే పద్ధతిగా చూడండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట లోపు టీ తాగినా, చుట్ట కాల్చినా ఆగాలి. రెండు రీడింగ్‌లు తీయాలి. బీపీ మరీ ఎక్కువుంటే అది మీ డేటా కంటే ముందు ఆ మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి పంపాలో గైడ్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఏ రోజు ఫారాలు ఆ రోజే ఎక్సెల్‌లో ఎక్కించండి. పేర్ల జాబితా వేరే ఫైల్‌లో, పాస్‌వర్డ్ పెట్టి ఉంచండి. డేటా షీట్‌లో నంబర్లే ఉండాలి. ఖాళీగా మిగిలిన గడిని ఖాళీగానే వదలండి. హాస్టల్ గదిలో కూర్చుని "బహుశా 45 ఏళ్ళుంటాయి" అని నింపే అలవాటు ఒక్కసారి వస్తే పోదు. చివరి వారంలో పాతిక ఫారాలు తక్కువ పడితే, తక్కువే పడ్డాయని రాసేయండి. 200 మందితో నిజమైన లెక్క వస్తుంది. మిగతా 25 ఫారాలు ఊహించి నింపితే ఆ 200 మంది మీకిచ్చిన టైమ్ కూడా వృథా అవుతుంది.

లెక్కలు, రిపోర్టు

లెక్కలు తీయడానికి జమోవి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ ప్రాజెక్టుకు సరిపోతుంది. ముందు శాతాలు, వాటి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ (అసలు శాతం ఏ అంకెల మధ్య ఉండొచ్చో చెప్పేవి) తీయండి. ఆ తర్వాతే పీ వాల్యూల (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకెల) జోలికి వెళ్ళండి. ఇరవై రకాల పోలికలు చేసి, అందులో 0.05 కంటే తక్కువ వచ్చిన ఒక్కదాన్నే రాయడం మోసం కిందకే వస్తుంది. ఏ పోలికలు చేస్తారో ప్రపోజల్‌లోనే రాసుంటే ఆ బాధ ఉండదు. రాసేటప్పుడు, ఇలాంటి అధ్యయనాల రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టులోని 22 అంశాలు పక్కన పెట్టుకోండి. ఎస్‌టీఎస్ రిపోర్టుకు గడువు దాటితే పోర్టల్ మూసుకుపోతుంది, కాబట్టి గైడ్‌కి కనీసం పది రోజుల ముందు డ్రాఫ్ట్ చేరాలి.

పేపర్‌గా పంపేటప్పుడు వాట్సాప్‌లో "3 రోజుల్లో పబ్లికేషన్" అని వచ్చే మెసేజ్‌లకు స్పందించొద్దు. డబ్బు తీసుకుని చదవకుండా అచ్చేసే జర్నల్స్ అవి. మంచి జర్నల్ తిరస్కరించినా రివ్యూయర్ల ప్రశ్నలు దొరుకుతాయి.

గైడ్‌లకు ఒక మాట

విద్యార్థిని మీ డేటా ఎంట్రీకి వాడుకోవద్దు. 19, 20 ఏళ్ళ పిల్లలు మీ దగ్గరికి వచ్చేది ఎలా ఆలోచించాలో నేర్చుకోవడానికి. ఒక్క ఊరికైనా వాళ్ళతో వెళ్ళండి. మీరు ఒక పెద్దాయనతో ఎలా మాట కలిపారో, ఎక్కడ ఆగి విన్నారో చూసి నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ ఉండదు. వారానికి అరగంట చాలు, కానీ ఆ అరగంట తప్పకూడదు. ఫలితం మీరు అనుకున్నదానికి ఎదురొస్తే, ముందు విద్యార్థినే "ఎందుకై ఉంటుంది" అని అడగండి.

ఎస్‌టీఎస్ రాకపోతే

దేశమంతటి నుంచి ప్రపోజల్స్ వస్తాయి, ఎక్కువమందికి రాదు. రాలేదని ప్రొఫార్మా మూలన పడేయొద్దు. ఎథిక్స్ అనుమతి, గైడ్, ప్రశ్న ఉంటే ప్రాజెక్టు నడుస్తుంది. స్టైపెండ్ రాదు అంతే. మీరే ఎంచుకునే ఎలెక్టివ్ పోస్టింగ్‌లో చేయొచ్చా అని మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. వచ్చినా రాకపోయినా, ఫలితాలు తేలాక ఆ ఊరి పీహెచ్‌సీ డాక్టరుకు ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి. ఎంతమంది వాడుతున్నారు, ఎక్కడ కొంటున్నారు, ఏ బిళ్ళ ఎక్కువ. వీలైతే ఆశా, ఏఎన్‌ఎంల మీటింగ్‌లో పది నిమిషాలు అడిగి మీరే చెప్పండి. తర్వాత ప్రొఫార్మా, పేర్లు తీసేసిన డేటా షీట్, ఒప్పుకోలు ఫారం నమూనా, స్ట్రిప్పులు అంటించిన అట్ట ఒక ఫోల్డర్‌లో పెట్టి గైడ్‌కి అప్పగించండి. ఊడుపులు లేని నెలల్లో అదే ఊళ్ళో అదే ప్రశ్న అడగడానికి వచ్చే ఏడాది మీ జూనియర్‌కి అవన్నీ కావాలి.